తలకోనలో బల్లి గొంతు

శేషాచలం రాతిసందుల్లో ఉండే బంగారు బల్లి రాత్రుళ్లు అరుస్తుంది. అటవీశాఖ అనుమతి తీసుకుని తలకోనలో దాన్ని రికార్డు చేద్దామంటే ముందు అడ్డొచ్చేది 270 అడుగుల జలపాతం. సాఫ్ట్‌వేర్‌లో తీసేయొచ్చులే అంటారు. నీళ్ల హోరులో సన్నదీ బొంగురుదీ అన్ని శబ్దాలూ ఉంటాయి, దాన్ని గట్టిగా గీకితే బల్లి గొంతు కూడా పోతుంది. అందుకే జలపాతానికీ మైకుకీ మధ్య పెద్ద బండ ఒకటి అడ్డం ఉండేట్టు చూసుకుంటా. హోరు మొత్తం పోదు గానీ, సన్నటి శబ్దాన్ని చాలావరకు బండే ఆపేస్తుంది.

ఇంక రెండో రొద రికార్డరుదే. గెయిన్ పెంచేకొద్దీ లోపలి సర్క్యూట్ 'స్స్' మంటుంది. దానికి మందు దగ్గరికి పోవడమే. ఆరుబయట దూరం సగానికి తగ్గితే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఆ 'స్స్' మాత్రం ఉన్నంతే ఉంటుంది. మైకును పొద్దుండగానే సందు పక్కన స్టాండుకు బిగించి, పొడుగు కేబుల్‌తో నేను దూరంగా కూర్చుంటా. బండకు గుడ్లు అంటించి ఉంటే ఆ చోటు జోలికే పోను.

రికార్డరులో ఆటో లెవెల్ ఆపేయాల్సిందే. బల్లి ఊరుకోగానే అది గెయిన్ పెంచి రొదను పైకి లేపుతుంది. ఎంపీ3 వద్దు, 24 బిట్ వేవ్ పెట్టండి. గాలికి బొచ్చు తొడుగు ఉంది. కోతులకే, ఏ ఫిల్టరూ లేదు.