ఎదురుగాలి కూడా కొండే

విజయవాడ దగ్గర కృష్ణ రెండు కొండల సందులోంచి బయటపడుతుంది. ఈ ఒడ్డున ఇంద్రకీలాద్రి, ఆ ఒడ్డున సీతానగరం కొండ. ఆ సందు చూసుకునే 1855 నాటికి అక్కడ ఆనకట్ట కట్టారు. 1952లో దానికి గండి పడ్డాక, 1957కల్లా ప్రకాశం బ్యారేజీ లేచింది. సైకిలు తొక్కేవాళ్ళు ఈ బ్యారేజీ మీద ఎటు తిరుగుతారన్న దాన్నిబట్టి ఆ రోజు ప్రయాణం మారిపోతుంది. నదికి ఎదురుగా పడమరకు వెళితే తూర్పు కనుమల తునకలు ఒడ్డుల వెంటే కనిపిస్తాయి: ఆవలి వైపు ఉండవల్లి, వైకుంఠపురం, ఈవలి వైపు కొండపల్లి. నీటితో పాటు కిందికి వెళితే యనమలకుదురు గుట్టే ఆఖరు. అక్కణ్ణుంచి సముద్రం దాకా ఎత్తన్నది ఏదైనా ఉంటే అది మనుషులు పోసిన గట్టో, కట్టిన వంతెనో.

జర్మనీలో మోసెల్, పోర్చుగల్‌లో డోరు నదుల లోయలు సైకిలు ప్రయాణాలకు పేరుపడ్డాయి. అవి ద్రాక్ష లోయలు. అక్కడ ద్రాక్షకు నీరు నిలవని వాలు, ఎండ బాగా తగిలే కొండవార మేలు కాబట్టి తోటల్లోకి వెళ్ళే రోడ్లూ కొండెక్కుతాయి. మన కృష్ణకు ఎగువన సాంగ్లీ ప్రాంతంలోనూ ద్రాక్ష పండిస్తారు. ఇక్కడికొచ్చేసరికి పంట వరి. వరికి నిలిచిన నీరు, మట్టమైన నేల కావాలి. అందుకే మన దగ్గర రోడ్డు కాలువ గట్టునో, వరద ఆపడానికి పోసిన కరకట్టనో పట్టుకుని నీటి వెంటే పోతుంది.

ఎంత మట్టం అంటే, బ్యారేజీ దగ్గర నిలబెట్టే నీటిమట్టం సముద్రానికి 57 అడుగుల ఎత్తు, సుమారు 17 మీటర్లు. అక్కణ్ణుంచి సముద్రం 90 కిలోమీటర్ల దూరం అనుకుంటే, కిలోమీటరుకు 20 సెంటీమీటర్ల లోపే పల్లం. కాలువ నీళ్ళు పారడానికి అది చాలు, కాలికి మాత్రం తెలియదు. కొత్తగా గేర్ల సైకిలు కొన్నవాళ్ళు ఇదంతా చూసి అవనిగడ్డ కరకట్ట ఎంతసేపు అనుకుంటారు. పొద్దున హుషారుగా తోట్లవల్లూరు దాటేస్తారు. ఆ దారిలోని శ్రీకాకుళం ఊళ్ళో ఆంధ్ర మహావిష్ణువు గుడి చూసుకుని మోపిదేవి చేరతారు. తిరుగు ప్రయాణంలో అదే రోడ్డు మీద తొడలు పట్టేసి, ఎందుకింత అలసిపోయామో అర్థంకాక చెట్టు కింద కూలబడతారు. కారణం గాలి.

దీని లెక్క ఒకసారి వేసి చూస్తే ఆ తరవాత ఎప్పటికీ మరిచిపోరు. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు అనుకుందాం. గాలి లేని రోజు చదునైన రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోవడానికి 75 వాట్ల శక్తి సరిపోతుంది. ఎవరైనా గంటలకొద్దీ పెట్టగల శక్తి అది. ఇప్పుడు అంతే వేగంతో, గంటకు 20 కిలోమీటర్ల చొప్పున గాలి ఎదురొస్తోందనుకోండి. మన ఒంటికి తగిలే గాలి వేగం 40 అవుతుంది. గాలి నిరోధం వేగాన్నిబట్టి కాక వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది కాబట్టి, రెట్టింపు గాలికి నాలుగు రెట్లు అడ్డు. అదే వేగం నిలబెట్టుకోవాలంటే ఇప్పుడు 200 వాట్లు దాటి పెట్టాలి. అదనంగా పడిన బరువెంతో తూచి చూస్తే 3 శాతం ఏటవాలు ఎక్కినట్టే, అంటే ప్రతి 100 మీటర్లకు 3 మీటర్లు పైకి. అసలు కొండకైతే ఒక శిఖరం ఉంటుంది, ఎక్కాక దిగుడూ ఉంటుంది. ఎదురుగాలి వీచే రోజున అవనిగడ్డ నుంచి విజయవాడకు వచ్చే దారి ఊపిరి తీసుకోనివ్వకుండా 60 కిలోమీటర్లకు పైగా సాగే కొండ. పైగా కరకట్ట పొలాలకంటే ఎత్తులో ఉంటుంది. ఊళ్ళు, అరటి తోటలు వచ్చినచోట కాస్త చాటు దొరుకుతుంది గానీ మిగతాదంతా బయలే.

కాబట్టి మన ప్రాంతంలో ఏ దారిన వెళ్ళాలో నెలను చూసి తేల్చుకోవడం మంచిది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి. అప్పుడు ఉండవల్లి మీదుగా అమరావతి వైపు వెళ్ళాలి. ఓపిక ఉన్న పొద్దుటిపూట ఎదురుగాలి పడుతుంది, వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో సంగతి వేరు. పొద్దెక్కే కొద్దీ నేల సముద్రంకంటే త్వరగా వేడెక్కి, దాని మీది గాలి పైకి లేస్తుంది. ఆ చోటు నింపడానికి సముద్రం మీది గాలి లోపలికి వస్తుంది. అవనిగడ్డ ఉన్న దివిసీమ వైపు తెల్లవారుజామునే వెళ్ళి, మధ్యాహ్నం దాటాక తిరుగుముఖం పడితే ఆ గాలి వీపున ఉంటుంది. నలుగురు కలిసి వెళితే ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కుతూ, ముందున్నవాళ్ళు కాసేపటికొకసారి మారుతుండాలి. వెనకున్నవాళ్ళకు పావు వంతు శ్రమ తగ్గుతుంది.

ఇక అసలు కొండ. కొండపల్లి ఊరి నుంచి రెడ్డిరాజుల కాలపు కోటకు ఘాట్ రోడ్డు ఉంది. మలుపులు, ఏటవాలు రెండూ గట్టివే. ఇక్కడ గాలితో పెద్దగా పని లేదు, మోయాల్సింది మన బరువే. 6 శాతం వాలు మీద గంటకు 8 కిలోమీటర్లు పోవాలంటే 120 వాట్లు కావాలి. అది ఎదురుగాలికి పెట్టినదానికంటే తక్కువే. అయినా జనం మధ్యలోనే ఎందుకు దిగిపోతారు? గేరు కుదరక. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళున్న మామూలు సైకిలు ఒక్క తొక్కుడుకు 5 మీటర్లకు పైగా పోతుంది. 8 కిలోమీటర్ల వేగంలో పెడళ్ళు నిమిషానికి 26 సార్లే తిరుగుతాయి, ప్రతి తొక్కుడుకూ మోకాలి మీద చాలా బరువు పడుతుంది. ముందు 34, వెనక 34 పళ్ళ గేరు వేస్తే ఒక తొక్కుడుకు 2 మీటర్ల పైచిలుకే. నిమిషానికి 60కి పైగా తిరుగుతుంది కాబట్టి అదే పని చిన్నచిన్న ముక్కలై కండరానికి తేలికవుతుంది. గేరు బలాన్ని పుట్టించదు, ఉన్న బలాన్ని కాలు భరించగల వాయిదాల్లో కట్టిస్తుంది. ఎదురుగాలిలోనూ ఇదే సూత్రం. వేగం గురించి పట్టుబట్టకుండా గేరు దించి, పెడళ్ళు అదే లయలో తిరగనివ్వాలి.

ఊళ్ళోంచి కరకట్ట మీదికి ఎక్కే ర్యాంపుల దగ్గర ఒక పూట నిలబడి చూడండి. హ్యాండిల్‌కు ఒకటి, క్యారియర్‌కు రెండు పాలక్యాన్లు తగిలించుకున్న మనిషి ర్యాంపు మొదట్లోనే దిగి, సీటు మీద ఒక చెయ్యి, హ్యాండిల్ మీద ఒక చెయ్యి వేసి ముందుకు వంగి నెట్టుకుంటూ పైకొస్తాడు. గట్టెక్కగానే ఒంటికాలి మీద నాలుగు ఊపులిచ్చి ఎక్కి పోతాడు. ఒకే గేరు, అంత బరువు ఉన్నప్పుడు దిగి నెట్టడమే సరైన లెక్క. ఘాట్ రోడ్డులో దిగి నడవడానికి మొహమాటపడేవాళ్ళు ఆయన్ని చూసి నేర్చుకోవాలి. ఈ నది ఒడ్డున సైకిలు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఇలాంటి పాలవాళ్ళేనని నేను గట్టిగా నమ్ముతాను.

రోడ్డు గురించి రెండు జాగ్రత్తలు చెప్పాలి. కోతల కాలంలో రైతులు ధాన్యాన్ని, మొక్కజొన్నను రోడ్డు మీదే ఆరబోస్తారు. ఎండిన గింజ మీద సన్నని టైరు బ్రేకు వేసినా, హ్యాండిల్ తిప్పినా జారిపోతుంది. బ్రేకు ముట్టుకోకుండా తిన్నగా పోవాలి, లేదా దిగి పక్కగా నడవాలి. ఆ గింజ వాళ్ళ ఏడాది కష్టం, దాన్ని తొక్కి చిమ్మే హక్కు మనకు లేదు. రెండోది నల్లరేగడి. వాన పడ్డాక రోడ్డు అంచు దిగితే ఆ మట్టి టైరుకు అంటుకుని, ఫోర్కుకూ టైరుకూ మధ్య గట్టిపడి చక్రాన్ని ఆపేస్తుంది. 32 మిల్లీమీటర్ల టైర్లు వేసి, మరీ గట్టిగా కాకుండా 60 పీఎస్‌ఐ దగ్గర గాలి కొట్టుకుంటే గతుకులూ తగ్గుతాయి, పట్టూ బాగుంటుంది.

కొండెక్కేటప్పుడు వేగం లేక గాలి తగలదు, చెమట కారి కళ్ళలో పడుతుంది. కరకట్ట మీద గాలికి చెమట ఎప్పటికప్పుడు ఆరిపోయి, ఒంట్లో నీరు పోతున్నట్టే తెలియదు. రెండోదే ప్రమాదం. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతుండాలి, ఉప్పేసిన మజ్జిగ అన్నిటికంటే మేలు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పొద్దున 9 గంటలకల్లా ఇల్లు చేరాల్సిందే.

కొండపల్లి ఎక్కినవాళ్ళు దిగాలి కూడా. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం నాలుగింతలు. కాబట్టి మలుపులోకి వచ్చాక కాక, మలుపుకు ముందే రెండు బ్రేకులూ కలిపి వేసి వేగం దించుకోవాలి. బ్రేకు అదేపనిగా నొక్కి పట్టుకుంటే రిమ్ము కాలుతుంది, రబ్బరు పట్టు వదులుతుంది. నొక్కడం, వదలడం, మళ్ళీ నొక్కడం. ఎదురుగా ఆటోలు, బైకులు పైకొస్తుంటాయి కాబట్టి ఎంత ఖాళీగా కనిపించినా మన ఎడమ వైపు వదలకూడదు.