ప్రోస్టేట్ క్యాన్సర్: కొత్త మందు ఎవరికి పనిచేస్తుంది?

అపోహ: హార్మోన్ ఇంజెక్షన్లకు లొంగకపోతే ఇక ఆశ వదులుకోవాల్సిందే.

వాస్తవం: రక్తపరీక్షలో పీఎస్‌ఏ మళ్లీ పెరిగిందనగానే ఇంటిల్లిపాదీ డీలా పడిపోతారు. కానీ ఆ దశకూ అబిరాటిరోన్, ఎంజాలుటమైడ్ మాత్రలున్నాయి, కీమో ఉంది. వాటికీ లొంగనివారి కోసం వచ్చిందే ల్యుటీషియం చికిత్స. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల పైపొర మీద పీఎస్‌ఎంఏ అనే ప్రొటీన్ దట్టంగా ఉంటుంది. నరంలోకి ఎక్కించిన మందు వెళ్లి దాన్ని పట్టుకుంటుంది. మందుకు తగిలించిన ల్యుటీషియం-177 అక్కడే బీటా కిరణాలు వెదజల్లుతుంది. అవి మహా అయితే రెండు మిల్లీమీటర్ల దూరం పోతాయి. ఆరు వారాలకోసారి, ఆరు డోసుల వరకు ఇస్తారు. 831 మందితో జరిగిన విజన్ అధ్యయనంలో మామూలు చికిత్స పొందినవారి మధ్యస్థ ఆయుష్షు 11.3 నెలలైతే, ల్యుటీషియం కూడా తోడైనవారిది 15.3 నెలలు. ఈ చికిత్సను అమెరికా 2022 మార్చిలో అనుమతించింది. జబ్బును వేళ్లతో సహా పెకలిస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. అయినా, కీమో కూడా అయిపోయిన మనిషికి ఆ నాలుగు నెలలు చిన్నవి కావు.

అపోహ: డబ్బు పెట్టగలిగితే ఎవరైనా వేయించుకోవచ్చు.

వాస్తవం: ముందు పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ తీస్తారు. గడ్డలు అందులో వెలగాలి. వెలగని చోట మందుకు పట్టు దొరకదు. పొలం అమ్మే ముందు ఆ స్కాన్‌లో ఏం కనిపించిందో డాక్టర్‌ను అడగండి.

అపోహ: గురిచూసి కొట్టే మందుకు సైడ్ ఎఫెక్టులుండవు.

వాస్తవం: లాలాజల గ్రంథులూ ఈ మందును పీల్చుకుంటాయి. నోరు పిడచగట్టుకుపోతుంది. ముద్ద మింగుడుపడక, మజ్జిగ పోసుకుని జారుగా కలుపుకోవాల్సి వస్తుంది. నీరసం, వికారం, రక్తహీనత రావచ్చు. అందుకే డోసుల మధ్య రక్తపరీక్షలు చేస్తారు. ఒంట్లోంచి కాస్త రేడియేషన్ వస్తుంది గనుక కొద్దిరోజులు మనవలను ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దంటారు.

అపోహ: బీఆర్‌సీఏ ఆడవాళ్ల రొమ్ము క్యాన్సర్ జన్యువు, మగవాళ్లకు ఆ పరీక్ష ఎందుకు?

వాస్తవం: ఒళ్లంతా పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవారిలో సుమారు 12 శాతం మందికి డీఎన్‌ఏను మరమ్మతు చేసే జన్యువుల్లో పుట్టుకతోనే లోపం ఉన్నట్టు 2016లో తేలింది. వాటిలో ఎక్కువగా కనిపించేది బీఆర్‌సీఏ2. ఇలాంటి లోపమున్న కణానికి మిగిలిన మరో మరమ్మతు దారిని కూడా మూసేసే మాత్ర ఒలాపరిబ్. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు దీన్ని అమెరికా 2020లో అనుమతించింది. పుట్టుకతో వచ్చిన లోపమైతే అది కొడుక్కైనా కూతురికైనా సంక్రమించే అవకాశం సగానికి సగం. ‘నాన్నగారి జబ్బు గురించి ఆడపిల్లకెందుకు’ అని దాచకండి. జన్యుపరీక్ష రిపోర్టు కాపీ ఒకటి అత్తారింట్లో ఉన్న అమ్మాయికీ పంపండి.