తలుపు రెక్సిను ఎందుకు ఊడింది?

పోయిన వర్షాకాలంలో పాత ఇనుము కొనే వ్యాపారి ఒకాయన మా పాకలోని అంబాసిడర్ తలుపు తీసి చూశాడు. వెనుక ఎడమ తలుపుకున్న రెక్సిను పై అంచు నుండి ఊడి, తడిగుడ్డలాగా వేలాడుతున్నది. "లోపల ఇట్లా ఉంటే ఇనుము ధరకే ఇవ్వాలండీ" అన్నాడు. మాకు కోపం వచ్చింది గాని జవాబు చెప్పలేకపోయాము. ఇంజను బాగానే ఉన్నది. అది మా నాన్నగారు 1991లో కొన్న బండి. 108 అంబులెన్సులు రాకముందు, రాత్రివేళ కాన్పు నొప్పులు వచ్చినా, పాము కరిచినా మా వీధివారు వచ్చి తట్టినది మా ఇంటి తలుపే.

ఆ రెక్సినును అంతకుముందే ఒకసారి మేము అంటించాము. వడ్రంగులు వాడే తెల్ల జిగురు పూసి, రాత్రంతా బల్ల ఆనించి ఉంచాము. నెల తిరగకముందే మళ్లీ ఊడింది. తప్పు జిగురుదేననుకున్నాము. సీటు కవర్లు కుట్టే సాయిబుగారు చూసి నవ్వారు. "జిగురు సంగతి తరువాత బాబూ! ముందు నీళ్లు ఎక్కడి నుండి వస్తున్నాయో చూడండి" అన్నారు.

కారు తలుపు లోపల బోలుగా ఉంటుంది. వాన పడినప్పుడు అద్దం పక్క సందులో నుండి కొంత నీరు లోపలికి జారుట సహజమే. ఆ నీరు పోవుటకు తలుపు అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. రెక్సిను అంటించిన హార్డ్‌బోర్డు పలక తడవకుండా, దాని వెనుక ఒక ప్లాస్టిక్ కాగితం ఉండాలి. పలక విప్పి చూస్తే ఏమున్నది? ఎప్పుడో అద్దం బాగుచేసిన మెకానిక్ ఆ కాగితాన్ని చింపి, తిరిగి పెట్టనేలేదు. అడుగు రంధ్రాలు మట్టితో పూడిపోయాయి. పలక నీరు పీల్చి, ఉబ్బి, అట్టలాగా పొరలు పొరలుగా విడిపోయింది. అటువంటి పలకకు ఎంత మంచి జిగురు పూసినా, ఆ పై పొరతో సహా ఊడి వస్తుంది.

పలక విప్పేటప్పుడు తొందర పనికిరాదు. అద్దం తిప్పే హ్యాండిల్ కొన్ని బండ్లకు పిన్నుతో, కొన్నింటికి స్క్రూతో, మరికొన్నింటికి స్ప్రింగు క్లిప్పుతో ఉంటుంది. అది చూసుకొని తీయాలి. అంచుల వెంట ఉన్న క్లిప్పుల దగ్గరే పలకను లేపాలి. మధ్యలో పట్టి లాగితే విరుగుతుంది.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా ఈ పలక కొరకు దిగులుపడనక్కరలేదు. పాతదాన్ని కొత్త హార్డ్‌బోర్డు మీద పెట్టి గీత గీసి, కోసి, రంధ్రాలు వేసుకున్నాము. వెనుక వైపున, అంచులకు రంగు పూసి ఆరబెట్టాము. రెక్సిను పగలలేదు గనుక దాని వెనుకనున్న పాత జిగురంతా గీకి, సబ్బునీటితో తుడిచి, దాన్నే వాడుకున్నాము.

ఈసారి చెప్పులు కుట్టేవారు వాడే పసుపుపచ్చని రబ్బరు గమ్ము తెచ్చాము. దీనిని పలకకూ రెక్సినుకూ రెండింటికీ పలుచగా పూయాలి. పూసిన వెంటనే అంటించరాదు. పది పదిహేను నిమిషాలు ఆగి, వేలితో తాకితే అంటుకోకుండా ఉన్నప్పుడే కలపాలి. ఒకసారి తాకిందంటే ఇక జరపలేము. మధ్యలో మొదలుపెట్టి అంచులవైపు అరచేతితో నొక్కుతూ పోవాలి. అంచులను అంగుళం మేర వెనుకకు మడిచి అంటించాలి.

ఒక హెచ్చరిక. ఈ గమ్ము ఆవిరి త్వరగా నిప్పంటుకుంటుంది, తల తిరిగేలా చేస్తుంది. మూసిన గదిలో గాని, పొయ్యి దగ్గర గాని, బీడీ కాల్చేవారి పక్కన గాని ఈ పని చేయవద్దు. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు.

కొత్త తరహా కార్ల పైకప్పు గుడ్డ జారుట వేరే సంగతి. అక్కడ గుడ్డ వెనుకనున్న స్పాంజి వేడికి పొడి అయిపోతుంది. ఆ పొడి మీద గమ్ము పట్టదు. కప్పు పలక దించి, పొడినంతా దులిపి, కొత్త గుడ్డ వేయవలసిందే.

మేము తలుపు అడుగు రంధ్రాలను పుల్లతో పొడిచి, చెంబుతో నీళ్లు పోసి, ధారగా కారుట కళ్లారా చూసిన తరువాతనే కొత్త ప్లాస్టిక్ కాగితం అంటించి పలక బిగించాము. ఆ వ్యాపారి మళ్లీ వచ్చాడు గాని, నాన్నగారు తాళంచెవి ఇవ్వలేదు. ముందు తలుపులు రెండూ ఇంకా విప్పలేదు. వాటి వెనుక కాగితం ఉన్నదో లేదో వానలు రాకముందే చూడాలి.