షాపులో స్టాఫ్ ఇరవై మందేనా? వెల్‌నెస్ కమిటీ మీకూ అవసరమే.. మొదలుపెట్టడం ఇలా!

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగితే చాలు.. ఎటు చూసినా బట్టల షోరూమ్‌లు, మొబైల్ షాపులు, కోచింగ్ సెంటర్లు. ఎల్బీ నగర్ వైపు వెళ్తే ఆసుపత్రులు, ల్యాబ్‌లు. వీటిలో చాలావరకు రోజంతా నిలబడి చేసే ఉద్యోగాలే. బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించే సేల్స్ గర్ల్స్ కూడా ఉంటారు. అలా చేస్తే యూరిన్ ఇన్ఫెక్షన్ ముప్పు. గంటల తరబడి నిలబడితే కాళ్ల వాపు, నడుము నొప్పి.

వెల్‌నెస్ కమిటీ అంటే హైటెక్ సిటీ కంపెనీల వ్యవహారం అనుకుంటాం. కానీ అసలు అవసరం ఇలాంటి చోటే.

కమిటీలో ఎవరుండాలి?

ఇరవై, ముప్పై మంది స్టాఫ్‌కి ఐదుగురు చాలు. ఖర్చుకు ఓకే చెప్పగలిగే ఓనర్ లేదా మేనేజర్ ఒకరు. మిగతావాళ్లు సేల్స్, క్యాష్ కౌంటర్, గోడౌన్, హౌస్‌కీపింగ్ నుంచి. వాళ్లను మేనేజర్ కాదు, ఆ సెక్షన్ వాళ్లే ఎంచుకోవాలి. కనీసం ఇద్దరు మహిళలు ఉంటే మంచిది.

ఒక్క విషయం మర్చిపోవద్దు. లైంగిక వేధింపుల ఫిర్యాదులు ఈ కమిటీకి రావు. పది మంది లేదా అంతకుమించి పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం దానికి ఇంటర్నల్ కమిటీ విడిగా ఉండాల్సిందే.

మొదట ఏం చేయాలి?

యోగా క్లాసుతో మొదలుపెట్టకండి. ఒక డబ్బా పెట్టి, పేరు రాయకుండా చీటీలు వేయమనండి. "ఇక్కడ మీ ఒంటికి, మనసుకి ఎక్కువ ఇబ్బంది ఏది?".. ఈ ఒక్క ప్రశ్న చాలు. ఎక్కువ చీటీల్లో వచ్చిన రెండు సమస్యలే ముందు తీసుకోండి.

ఖర్చు ఎంత?

చాలా పనులకు పెద్దగా ఖర్చుండదు. కౌంటర్ వెనక నాలుగు స్టూళ్లు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా బ్రేక్. తాళం వేయని బాత్రూమ్. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో ఏకంగా చట్టాలనే సవరించాయి.

ఈఎస్ఐ కూడా చెక్ చేయండి. పది మంది, ఆపైన స్టాఫ్ ఉన్న షాపుల్లో నెల జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. జీతంలో కట్ అవుతున్నా ఏ డిస్పెన్సరీకి వెళ్లాలో తెలియనివాళ్లు ఉంటే, ఆ వివరాలు గోడ మీద అంటించడం కమిటీ పనే.

మూడో నెలకే మూలన పడకుండా..

నెలకోసారి అరగంట మీటింగ్ పెట్టండి. అదీ డ్యూటీ టైమ్‌లోనే. షాపు మూశాక పెడితే ఎవరూ ఉండరు. ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: సమస్య, ఎవరు చూస్తారు, ఏ తేదీలోపు. కుదరని పనైతే ఎందుకు కుదరదో కూడా రాయండి. అడిగినదానికి జవాబే రాకపోతే రెండోసారి ఎవరూ అడగరు.

ఎవరి జబ్బు సంగతీ కమిటీ దాటి బయటికి పోకూడదు. మెడికల్ రిపోర్టులు అడగొద్దు. మనసు బాగోలేదని ఎవరైనా చెబితే సలహాలు ఇవ్వకుండా టెలీ మానస్ నంబర్ 14416 ఇవ్వండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

కమిటీ పనిచేస్తోందా లేదా తెలియాలంటే నెల తర్వాత స్టాఫ్‌ని ఒక్క మాట అడగండి: "ఇవాళ ఎన్నిసార్లు కూర్చున్నారు?"