కుక్కకు కు.ని., యజమానికి నోటీసు

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ నుంచి రాష్ట్రాలకు ఒక లేఖ వెళ్లింది. పిట్‌బుల్, రాట్‌వీలర్, కేన్ కోర్సో లాంటి 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపేయాలన్నది అందులోని ప్రధాన విషయం. దానితోపాటు మరో మాట కూడా ఉంది: ఇప్పటికే ఇళ్లలో ఉన్న ఆ రకం కుక్కలు ఇక పిల్లల్ని పెట్టకుండా శస్త్రచికిత్స చేయించాలి. నెల తిరక్కుండానే, ఏప్రిల్ 10న, కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. సంబంధిత వర్గాలతో మాట్లాడకుండా ఇచ్చారన్నది కోర్టు ఎత్తిచూపిన లోపం.

లేఖ పోయింది గానీ వాదన పోలేదు. పెంపుడు జంతువులన్నిటికీ కు.ని. ఆపరేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం తెస్తే పీడ విరగడవుతుందని కొందరంటారు. నోరులేని జీవానికి అలా చేయడం పాపమని మరికొందరంటారు. నా మటుకు నాకు ఈ గొడవలో సగం, రెండు ప్రశ్నల్ని కలిపేయడం వల్ల వచ్చిందే అనిపిస్తుంది. ఆపరేషన్ మంచిదా కాదా అన్నది ఒకటి. దాన్ని చట్టంతో బలవంతంగా చేయించాలా అన్నది ఇంకొకటి. మొదటిదానికి అవునన్నవాళ్లు రెండోదానికీ అవుననాలని లేదు.

అపోహ: చట్టం తెస్తే కుక్కల బెడద దానంతట అదే తగ్గిపోతుంది.

ఈ ప్రయోగం చేసిన ఊళ్లున్నాయి. వాటిలో పెద్దది అమెరికాలోని లాస్ ఏంజెలెస్. నాలుగు నెలలు దాటిన ప్రతి కుక్కకూ పిల్లికీ ఆపరేషన్ చేయించాల్సిందేనని ఆ నగరం 2008 ఫిబ్రవరిలో శాసనం చేసింది. పోటీలకు వెళ్లే కుక్కలకు, పోలీసు పనిలో ఉన్నవాటికి, పెంపకానికి అనుమతి తీసుకున్నవారికి, ఆరోగ్యం బాగాలేని జంతువులకు మినహాయింపు ఇచ్చారు. మాట వినని యజమానికి మొదట తక్కువ ఖర్చులో ఆపరేషన్ ఎక్కడ చేస్తారో చెప్పి 60 రోజుల గడువిస్తారు. అప్పటికీ వినకపోతే 100 డాలర్ల జరిమానా, ఎనిమిది గంటల సమాజసేవ. మళ్లీ దొరికితే 500 డాలర్ల దాకా. టీవీ కార్యక్రమం ముగిసేటప్పుడల్లా 'మీ జంతువులకు ఆపరేషన్ చేయించండి' అని చెప్పి సెలవు తీసుకునే బాబ్ బార్కర్ అప్పట్లో దీనికి పెద్ద మద్దతుదారుగా నిలిచాడు. ఇలాంటిదే కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ తేవాలని లాయిడ్ లెవిన్ అనే శాసనసభ్యుడు 2007లో పెట్టిన బిల్లు మాత్రం సెనేట్ గడప దాటలేదు.

శాసనం వచ్చిన ఏడాదే ఆర్థిక మాంద్యం వచ్చింది. ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు కుక్కల్నీ వదులుకున్నాయి. జంతువుల ఆశ్రయాల్లో రద్దీ తగ్గలేదు. ఇది చట్టం తప్పా, కాలం తప్పా అని విడదీసి చెప్పడం కష్టం. కానీ జంతుసంరక్షణకు పేరున్న అమెరికన్ సంస్థ ఏఎస్‌పీసీఏ కూడా, తప్పనిసరి చట్టాల వల్ల ఆశ్రయాలకు వచ్చే జంతువుల సంఖ్య తగ్గిందనడానికి నమ్మదగిన ఆధారం తన దృష్టికి రాలేదనే అంటోంది. ఆపరేషన్లను దశాబ్దాలుగా ప్రోత్సహిస్తున్న సంస్థ ఈ మాట అనడం గమనించాలి. అక్కడి పశువైద్యుల సంఘం ఏవీఎంఏ కూడా ఇళ్లలోని కుక్కలూ పిల్లుల విషయంలో బలవంతపు చట్టాన్ని సమర్థించదు.

కారణం వెతికితే పెద్ద రహస్యమేమీ లేదు. ఆపరేషన్ చేయించనివాళ్లలో మొండివాళ్లకంటే డబ్బు చాలనివాళ్లూ, దగ్గర్లో పశువైద్యుడు లేనివాళ్లూ ఎక్కువ. చేతిలో పైకం లేనివాడికి జరిమానా వేస్తే ఆపరేషన్ జరగదు, కుక్క దాక్కుంటుంది. లైసెన్సు తీసుకోడు. డాక్టరు దగ్గరికి తీసుకెళితే దొరికిపోతానని రేబిస్ టీకాకీ తీసుకెళ్లడు. అప్పుడు నష్టం వీధి వీధికీ. అదే దేశంలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం 1994 నుంచి వేరే దారి పట్టింది. కుక్కల లైసెన్సు మీద చిన్న అదనపు రుసుం వేసి, ఆ డబ్బుతో పేదల జంతువులకు నామమాత్రపు ఖర్చుతో ఆపరేషన్లు చేయించింది. ఆశ్రయాల్లో చంపేయాల్సివచ్చే జంతువుల సంఖ్య అక్కడ బాగా పడిపోయింది.

చట్టం అసలు పనికిరాదనడమూ సరికాదు. దత్తతకిచ్చే ముందే ఆపరేషన్ చేసి ఇవ్వాలని, లేదా చేయిస్తామని హామీ తీసుకోవాలని అమెరికాలో ముప్పైకి పైగా రాష్ట్రాల్లో నిబంధన ఉంది. అక్కడి మనవాళ్లు ఆశ్రయం నుంచి పిల్లిని తెచ్చుకుంటే చాలావరకు కుట్లు మానిన పిల్లే ఇంటికొస్తుంది. ఈ నిబంధన పనిచేస్తుంది. ఎందుకంటే కత్తి, డాక్టరు, జంతువు మూడూ ఒకే కప్పు కింద ఉంటాయి.

అపోహ: ఒక్క కుక్కల జంట నుంచి ఆరేళ్లలో 67 వేల కుక్కలు పుడతాయి.

ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టు, ఈ అంకెను ప్రచార పత్రాల మీద ఏళ్ల తరబడి అచ్చేశారు. పుట్టిన ప్రతి పిల్లా బతికి, ప్రతి ఆడపిల్లా ప్రతి ఎదలోనూ చూలు కట్టి, ఒక్కటీ లారీ కింద పడకపోతేనే ఆ లెక్క కుదురుతుంది. వీధిలో అలా జరగదు. ఉత్తర కరోలినాలో బయట తిరిగే పిల్లులను గమనించిన పరిశోధకులకు, ఆరు నెలలు నిండేలోపే నాలుగింట మూడు వంతుల పిల్లలు చనిపోవడమో కనిపించకుండా పోవడమో జరుగుతోందని తేలింది. ఆపరేషన్ అవసరమని చెప్పడానికి ఆ నిజం చాలు. అబద్ధపు అంకె అక్కర్లేదు.

అపోహ: ఆపరేషన్ తప్పనిసరి కాని దేశంలో వీధులన్నీ కుక్కలతో నిండిపోతాయి.

నార్వేలో లెక్క తిరగబడుతుంది. తగిన కారణం లేకుండా జంతువు శరీరంలో భాగాన్ని తీసేయకూడదని అక్కడి జంతుసంక్షేమ చట్టం. చాలా కుక్కలకు ఆపరేషన్ ఉండదు. అయినా వీధికుక్క కనబడటం అరుదు. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 20 దాకా కుక్క మెడకు తాడు లేకుండా బయటికి తీసుకురాకూడదన్నది దేశమంతటికీ నియమం, జనం పాటిస్తారు. పొరుగున స్వీడన్‌లోనూ 1990ల చివర్లో చూస్తే ఆపరేషన్ అయిన కుక్కలు వందకు ఏడే. వాళ్ల గుట్టు కత్తిలో లేదు, తాడులో ఉంది. మన దగ్గర పొద్దున్నే గేటు తీసి, 'అదే తిరిగొస్తుందిలే' అని కుక్కను వదిలేసే ఇళ్లు ఎన్నో లెక్కపెట్టుకోండి.

అపోహ: ఆడకుక్క ఒక్క ఈతైనా ఈనితేనే ఆరోగ్యంగా ఉంటుంది.

ఇది మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం. పెద్దవాళ్లు పెంపుడు కుక్కలోనూ ఆడపిల్లనే చూస్తారు కాబట్టి అలా అనిపించడం సహజమే. వైద్యం చెప్పేది మాత్రం వేరు. ఆపరేషన్లు తక్కువగా జరిగే స్వీడన్‌లోనే, కుక్కల బీమా రికార్డులు చూస్తే పదేళ్లొచ్చేసరికి దాదాపు నాలుగో వంతు ఆడకుక్కలకు గర్భసంచిలో చీము పట్టింది. ఆలస్యమైతే ప్రాణం తీసే జబ్బు అది. గర్భసంచి తీసేస్తే ఆ భయం దాదాపు ఉండదు. రొమ్ము గడ్డల విషయంలోనూ మొదటి ఎద రాకముందే ఆపరేషన్ అయినవాటికి ముప్పు తక్కువని 1969 నాటి ఒక అధ్యయనం చెప్పింది. ఆ ఆధారం అనుకున్నంత బలమైనది కాదని తర్వాత వచ్చిన సమీక్ష అంది. పిల్లల్ని పెడితే ముప్పు తప్పుతుందని మాత్రం ఇద్దరూ అనలేదు.

అపోహ: అన్ని కుక్కలకూ ఒకే వయసు, ఎంత త్వరగా చేయిస్తే అంత మంచిది.

తప్పనిసరి చట్టాలకు అసలు తగిలే దెబ్బ ఇక్కడ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో బెంజమిన్ హార్ట్ బృందం 2013లో 759 గోల్డెన్ రిట్రీవర్ల రికార్డులు చూసింది. ఏడాది నిండకముందే ఆపరేషన్ అయిన మగకుక్కల్లో తుంటి కీలు జబ్బు, కానివాటికంటే రెట్టింపు. జర్మన్ షెపర్డ్‌లలోనూ ఏడాదిలోపు చేస్తే కీళ్ల జబ్బులు పెరిగాయి. 2020లో అదే బృందం 35 జాతులను చూస్తే, చిన్న జాతుల్లో కీళ్లకు ఆ నష్టం కనిపించలేదు. ఎముకల పెరుగుదల సమయానికి ఆగేందుకు, ఆపరేషన్‌తో పోయే లైంగిక హార్మోన్లు కావాలి. పెద్ద జాతి కుక్క పెరగడానికి ఎక్కువకాలం పడుతుంది. పామరేనియన్‌కూ షెపర్డ్‌కూ కలిపి 'నాలుగు నెలలు' అని చట్టంలో రాసేస్తే, ఆ గీత డాక్టరు గీసింది కాదు, గుమాస్తా గీసింది.

పిల్లి సంగతి వేరు. నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, రెండు నెలలకు పిల్లల్ని పెడుతుంది, కట్టేస్తే ఉండదు. రోడ్ ఐలండ్ 2006లో పిల్లులకు మాత్రమే ఇలాంటి చట్టం తెచ్చిందంటే ఆ తెలివిని మెచ్చుకోవాలి.

అపోహ: ఆపరేషన్ అయితే కుక్క కరవదు.

మగకుక్క ఊరు తిరగడం, గోడల మీద మూత్రం పోయడం, ఆడకుక్క కోసం కొట్లాడటం తగ్గుతాయి. భయంతోనో, బాధతోనో, అన్నం గిన్నె దగ్గరో కరిచే కుక్క మారుతుందన్న హామీ లేదు. దాన్ని మార్చేది శిక్షణ.

అపోహ: లావెక్కి మూలన పడుతుంది.

ఆకలి పెరుగుతుంది, ఒంటికి కావలసిన శక్తి తగ్గుతుంది. పెరుగన్నం కాస్త తగ్గించి, రోజూ నడిపిస్తే సరి. మూలన పడేది మనం నడిపించకపోతే.

అపోహ: ఇది ప్రకృతి విరుద్ధం, మన సంప్రదాయంలో లేదు.

ఆబోతుకూ ఎద్దుకూ తేడా తెలిసిన పల్లెలు చెప్పాల్సిన మాట కాదిది. కాడి కట్టిన ప్రతి ఎద్దూ అలా అయినదే, అదీ మత్తుమందు లేని రోజుల్లో.

అపోహ: కుక్కల ఆపరేషన్లు మున్సిపాలిటీ పని.

వీధికుక్కల విషయంలో నిజమే. పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవి కొస కత్తిరించి పట్టిన చోటే వదలాలన్నది 2023 జంతు జనన నియంత్రణ నియమావళి. జైపూర్‌లో 1994లో ఇలా మొదలుపెట్టి ఆడకుక్కల్లో 65 శాతానికి ఆపరేషన్ అయ్యాక, 2002 నాటికి ఆ ప్రాంతంలో వీధికుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది. పనిచేసిందల్లా ఒక ప్రాంతాన్ని పట్టుకుని వదలకుండా ఏళ్ల తరబడి చేయడం. అక్కడ ఇంత, ఇక్కడ ఇంత చేసి లెక్క చూపిస్తే ఫలితం రాదు.

పెంపుడు జంతువు మాత్రం ఆ నిబంధనల్లోనే యజమాని బాధ్యత. సంతాన నియంత్రణ, టీకా, లైసెన్సు అన్నీ ఆయనవే. ఫలానా నెలలోగా అన్న గడువు అందులో లేదు. లేకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ప్రతి మండలంలోనూ పశువైద్యశాలలో తక్కువ ఖర్చుతో ఈ ఆపరేషన్ జరిగే రోజు వచ్చాక గడువు గురించి మాట్లాడుకుందాం. అంతదాకా బలవంతం చేయదగ్గ చోట్లు రెండే: దత్తతకిచ్చే ఆశ్రయాలు, కుక్కపిల్లల్ని అమ్ముకునే పెంపకందారులు. కుక్కల పెంపకందారులు నమోదు చేసుకోవాలని, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నుంచే నిబంధనలున్నాయి. ముందు వాటిని అమలు చేయాలి.

ఈసారి మీ కుక్కను రేబిస్ టీకాకు తీసుకెళ్లినప్పుడు, దాని జాతీ బరువూ చూసి ఆపరేషన్‌కు ఏ నెల మంచిదో డాక్టరుగారినే అడగండి. ఇంట్లో ఉన్నది పిల్లయి, దానికి నాలుగో నెల నడుస్తుంటే మాత్రం టీకా దాకా ఆగకండి.