బొమ్మ రైలు చివరి పెట్టె

అమెరికా దేశపు గూడ్సు బండ్లకు చిట్టచివర ఒక పెట్టె తగిలించియుండెడిది. పెక్కు కంపెనీలు దానికి ఎఱ్ఱరంగు పూసెడివి. దానిని కబూసు అందురు. మన గూడ్సుబండి వెనుక గార్డు కూర్చుండు పెట్టె వంటిదే. కాని అందు పొయ్యి, పడకలు, వ్రాతబల్ల కూడ నుండెడివి. పెక్కింటికి పైకప్పు మీద అద్దాల గూడొకటి లేచియుండెడిది. సిబ్బంది అందెక్కి కూర్చుండి, ముందు పోవు పెట్టెలలో ఎక్కడనైనను ఇరుసు వేడెక్కి పొగ లేచుచున్నదేమో కనిపెట్టెడివారు. పట్టాల ప్రక్కన వేడిని పసిగట్టు సాధనములును, బండి చివర బ్రేకు గాలి ఒత్తిడిని తెలుపు చిన్న యంత్రమును వచ్చిన పిమ్మట, 1980 తరువాతి దశాబ్దములో, కబూసులు చాలవరకు తొలగిపోయినవి. నేటి బాలురలో పలువురికి అవి బొమ్మ రైళ్ల వలననే పరిచయము.

ఆ బొమ్మలలో మిక్కిలి ప్రచారముగల కొలత హెచ్.ఓ. అనునది. అసలు వస్తువులో 87వ వంతు. చౌకబారు కబూసును దూరమునుండి చూచినచో ముచ్చటగానే యుండును. చేతిలోనికి తీసికొన్నప్పుడే చిక్కు. మెట్ల ప్రక్కను, గోడలపైనను మనిషి పట్టుకొని ఎక్కవలసిన కమ్ములు ప్లాస్టిక్కు గోడకే అతుకుకొని గట్టువలె ఉబ్బియుండును. ఆ గట్టు ఒక మిల్లీమీటరు లావున్నదనుకొందము. 87తో హెచ్చించిన 87 మిల్లీమీటర్లు, అనగా సుమారు మూడున్నర అంగుళములు! రోకలివంటి ఆ కమ్మిని ఏ చేయి పట్టగలదు? పైగా దాని వెనుక వ్రేళ్లు దూరుటకు సందే లేదు.

ఇది చిన్న లోపము కాదు. పెట్టెలను తగిలించుచు, నడచు బండి పైకి ప్రాకుచు, వ్రేళ్లును చేతులును ప్రాణములును పోగొట్టుకొన్న రైలు కార్మికులు ఆ దేశమున ఎందరో. 1893లో అమెరికా కాంగ్రెసు చేసిన భద్రతా శాసనము, తమంత తాము తగులుకొను కొక్కెములతోపాటు ఈ పట్టుకమ్ములను కూడ తప్పనిసరి చేసినది. తరువాతి నిబంధనలు కమ్మికిని గోడకును నడుమ కనీసము రెండంగుళముల ఎడము ఉండవలెనని విధించినవి. బొమ్మలో అది 0.6 మిల్లీమీటరుకు కొంచెము తక్కువ.

కనుక బాగుచేయువాడు మొదట పదునైన ఉలిబ్లేడుతో ఆ గట్టులను గోడ గీసికొనకుండ చెక్కివేయును. వాని కొనలున్న చోట్ల చేతితో త్రిప్పు సన్నని బరమాతో రంధ్రములు చేయును. 0.3 మిల్లీమీటరు ఇత్తడి తీగను వంచి గ్రుచ్చి, గోడకు తీగకు మధ్య అట్టముక్క నుంచి, లోపలివైపున జిగురుచుక్క వేయును. అట్ట తీసినచో అన్ని కమ్ములకును ఒకే ఎడము నిలుచును. లెక్కకు ఆ తీగయు కొంచెము లావే: అసలులో ఒక అంగుళము పైచిలుకు. అంతకంటె సన్ననిది ముట్టుకొన్ననే వంగిపోవును. ఇచట రాజీపడుట వివేకము.

ప్లాస్టిక్కు చక్రములు తీసి లోహచక్రములు వేయుట, కిటికీలకు పలుచని పారదర్శకపు రేకు అంటించుట సులభమైన పనులు. కొక్కెమును చక్రాల చట్రమునుండి తప్పించి నేలకు బిగించినచో, వెనుకకు నెట్టునప్పుడు పెట్టె పట్టా తప్పుట తగ్గును. బరువును మరువరాదు. అమెరికా బొమ్మరైలు ప్రియుల జాతీయ సంఘము సూచించిన లెక్క ప్రకారము, ఈ కొలతలో అయిదంగుళముల పెట్టె మూడున్నర ఔన్సులు, అనగా సుమారు నూరు గ్రాములు, తూగవలెను. చౌకబొమ్మ అంత తూగకున్నచో నేల లోపల సీసపు ముక్క అంటింతురు.

రంగు చివరి పని. నిగనిగలాడు ఎరుపు బొమ్మతనమును చాటును. మెరుపులేని పూత మేలు. పొయ్యిగొట్టము చుట్టును నల్లసుద్దపొడి కొంచెము రుద్దినచో చాలును. కమ్ములకు మాత్రము తొందరపడి ఎరుపు పూయరాదు. చీకటిలో చేతికి దొరకవలెనని కొన్ని కంపెనీలు వానికి తెలుపో పసుపో వేయించెడివి. ఏ కంపెనీ కబూసు, ఏ సంవత్సరపుదో నిశ్చయించుకొని, ఆనాటి ఛాయాచిత్రమును ముందుంచుకొనియే కుంచె ముంచవలెను.