ముందు ఇల్లు, తర్వాత ఆపరేషన్

2023 డిసెంబరు 7 రాత్రి ఎర్రవల్లిలోని ఇంట్లో మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ కాలుజారి పడ్డారు. మర్నాడే సోమాజిగూడ యశోద ఆసుపత్రిలో ఎడమ తుంటి కీలు మార్చారు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కోలుకుంటారన్నారు డాక్టర్లు. 2024 ఫిబ్రవరి 1న చేతికర్రతో వచ్చి ఎమ్మెల్యేగా ప్రమాణం చేశారు. తెలంగాణ అంతా టీవీ వార్తల్లో చూసిన ఆ ఆపరేషన్ ఒక్క తుంటికే. వాకర్ పట్టుకుని లేచేటప్పుడు భారం మోయడానికి ఇంకో కాలుంటుంది. రెండు తుంట్లూ ఒకేసారి మార్చుకున్నవాళ్లకు ఆ ఆసరా ఉండదు.

రెండూ ఎందుకు పోతాయి? ముసలితనమొక్కటే కారణం కాదు. తొడ ఎముక పైచివరి గుండుకు, మన దగ్గర అందరూ ‘బాల్’ అనేదానికి, రక్తం చేరే దారులు చాలా సన్నం. అవి మూసుకుపోతే ఎముక చచ్చుబడి కుంగిపోతుంది. ఎక్కువ కాలం వాడిన స్టెరాయిడ్లు, తాగుడు, సికిల్‌సెల్ జబ్బు దీనికి దారితీస్తాయి. ఇవి ఒంటినంతటినీ పట్టేవి కాబట్టి ఒక పక్కతో ఆగకపోవడం మామూలే. ములుగు, భూపాలపల్లి గూడేల్లో సికిల్‌సెల్ ఉంది. నొప్పి గజ్జల్లో మొదలై మోకాలికి పాకుతుంది. మోకాలికే మందు రాసుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. తొలిదశలో ఎక్స్‌రేకు దొరకదు, ఎమ్మారైలో తెలుస్తుంది. ఆ గూడేల్లో ఇరవై ఏళ్ల పిల్లవాడు కుంటుతుంటే గోలీలతో సరిపెట్టకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకురావాలి.

రెండూ ఒకే రోజు చేస్తే మత్తు ఒక్కసారే, మంచం పట్టేదీ ఒక్కసారే. కానీ రక్తం ఎక్కువ పోతుంది, గుండె తట్టుకోవాలి. గుండెజబ్బున్న పెద్దవాళ్లకు విడివిడిగా చేయించడమే మేలు. ఖర్చు సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

ఆపరేషన్‌కు ముందు నెల చాలా విలువైనది. పిప్పిపన్ను, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మానని పుండు ఏదున్నా ముందే నయం చేసుకోవాలి. కొత్త కీలు మీద సూక్ష్మజీవులు చేరితే వదిలించడం మహాకష్టం. షుగర్ అదుపులోకి రావాలి, ఒంటికి రక్తం పట్టాలి, బీడీ మానాలి. కుర్చీ చేతులమీద ఆని ఒంటిని పైకి లేపడం రోజూ సాధన చేయాలి. కోతపడ్డ కాళ్లను మంచం మీంచి దింపేది భుజబలమే.

ఆ తర్వాత ఇల్లు. మనది నేల మీది బతుకు. కొత్త కీలు జారిపోకుండా మొదటి వారాల్లో బాసింపట్టు వద్దు, గొంతుక్కూర్చోవద్దు, కాలుమీద కాలు వద్దు, మోకాలు తుంటికన్నా పైకి రావద్దు అంటారు. మరి కుంగిన నులక మంచం, పీట మీద భోజనం, నేల మరుగుదొడ్డి ఏం కావాలి? కమోడ్ కుర్చీ, ఎత్తు మంచం, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ ఆసుపత్రిలో చేరకముందే సిద్ధం కావాలి. డిశ్చార్జి రోజు వెతుక్కుంటే రోగికి నరకం. వరంగల్ కొత్తవాడలో గుంటమగ్గం మీద జంపఖానా నేసే మనిషి నేల అంచున కూర్చుని కాళ్లు గుంటలోకి దించాలి. మళ్లీ ఆ పనికి పోవచ్చా, ఎప్పుడు, ఎలా అన్నది సర్జన్‌తో ముందే తేల్చుకోవాలి. ఈ ప్రశ్న అడగడానికి మనవాళ్లు జంకుతారు. జంకకూడదు, అది కూడు పెట్టే పని.

ఆపరేషన్ మర్నాటికల్లా వాకర్‌తో నిలబెడతారు. రక్తం గడ్డకట్టకుండా మడమలు ఆడించాలి, రాసిన మందు మానకూడదు, పడుకుంటే కాళ్ల మధ్య దిండు ఉండాలి. కొద్ది వారాలకు వాకర్ పోయి కర్ర వస్తుంది, బలం చిక్కడానికి నెలలు పడుతుంది. ఈలోగా పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, కుట్ల దగ్గర చీము కనబడినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కు ఫోన్ చేయండి.